టై రాడ్ మార్చేటప్పుడు చుట్లు ఎందుకు లెక్కపెడతారు?

కారు టై రాడ్ చివరి భాగాన్ని మార్చడం ఎప్పుడైనా చూశారా? మెకానిక్ పాతదాన్ని మర తిప్పి ఊడదీస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతాడు. కొత్తదాన్ని సరిగ్గా అన్ని చుట్లే బిగిస్తాడు. ఎందుకు?

స్టీరింగు కదలికను ముందు చక్రానికి అందించే కడ్డీయే టై రాడ్. దాని చివర గిన్నెలాంటి గూటిలో గుండు ఇమిడి ఉంటుంది. మన తుంటి కీలు కూడా ఇలాంటిదే. అందువల్లనే చక్రం గతుకుల్లో పైకీ కిందికీ ఊగినా కడ్డీ దానితోపాటు కదలగలదు. దుమ్ము, నీరు చేరితే ఈ కీలు అరిగి వదులవుతుంది. గుండు పూర్తిగా ఊడిపోతే ఆ చక్రం ఇక స్టీరింగు మాట వినదు! కనుక ముందే మార్చాలి.

ఇక చుట్ల సంగతి. ఒక చుట్టు తేడా వస్తే కడ్డీ పొడవు 1.5 మిల్లీమీటర్లు మారుతుందనుకోండి. చక్రాన్ని తిప్పే మీట పొడవు 150 మిల్లీమీటర్లనుకోండి. 1.5ను 150తో భాగిస్తే 0.01 వస్తుంది. అంటే చక్రం అర డిగ్రీకి కాస్త ఎక్కువగా పక్కకు తిరుగుతుంది. కంటికి ఆనని తేడా! కాని, రెండు చక్రాలూ వేటి దారిన అవి పోగలిగితే, కిలోమీటరు వెళ్ళేసరికి 10 మీటర్లు ఎడమవుతాయి. ఒకే బండికి బిగించి ఉన్నాయి గనుక అలా పోలేవు. రోడ్డు మీద పక్కకు ఈడ్చుకుపోతాయి. ఆ రాపిడికి టైరు అంచు త్వరగా అరిగిపోతుంది.

కొత్త భాగం కొలతలో కొద్ది తేడా ఉండవచ్చు. అందుకే చివరకు చక్రాల అమరికను పరికరంతో సరిచూడాలి.

ఈసారి పాత టైరు కనిపిస్తే దాని రెండు అంచులనూ పోల్చి చూడండి. ఒకటే బాగా అరిగి ఉంటే, కారణం ఏమై ఉండవచ్చో మీరే చెప్పగలరు.