వణికే తెరకి మందేమిటి?

మా ల్యాబ్‌లో మూలనున్న పాత సీఆర్‌టీ మానిటర్ మీద అక్షరాలు చలిజ్వరం వచ్చినట్టు వణికేవి. "ట్యూబ్ పోయింది బాబూ, ఇక పాత సామాన్లకే" అన్నారు ల్యాబ్ అసిస్టెంట్ గారు. స్క్రాప్ లిస్టులో దాని నంబరూ ఎక్కింది. తీరా బల్లని గోడ నుంచి ఓ మీటరు ఇవతలికి జరిపితే వణుకు మాయం! గోడకి అవతల మెయిన్ పవర్ ప్యానెల్ ఉంది మరి. రోగం మానిటర్‌ది కాదు, పొరుగుది.

సీఆర్‌టీలో బొమ్మ గీసేది ఎలక్ట్రాన్ల ధార. కలర్ ట్యూబ్‌లో దాదాపు 25 వేల వోల్టులు దాన్ని సెకనుకి 90 వేల కిలోమీటర్ల వేగంతో తోస్తాయి. అంత వేగమున్నా అయస్కాంత క్షేత్రం దాన్ని పక్కకి లాగేస్తుంది. ఇంటర్‌లో బట్టీ పట్టిన లారెంజ్ బలం ఇదే. లెక్క కట్టి చూడండి: 30 సెంటీమీటర్ల దారిలో 1 మైక్రోటెస్లా క్షేత్రం ధారని 0.08 మిల్లీమీటర్లు జరుపుతుంది. తెర మీద చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 0.28 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే అటూ ఇటూ కలిపి సగం చుక్క పైనే ఊగుతుంది. కంటికి ఆనకుండా ఉంటుందా?

భూమి క్షేత్రం దీనికి పదుల రెట్లు. అయినా అది స్థిరంగా ఉంటుంది కాబట్టి వణుకు రాదు, రంగులు కాస్త తప్పుతాయంతే. దగ్గర పెట్టిన స్పీకర్ మిగిల్చిన రంగు మరకల్ని డీగాస్ బటన్ పోగొడుతుంది. కరెంటు తెచ్చిన వణుకుని మాత్రం పోగొట్టలేదు.

ముందు రోగం ఖాయం చేసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. రిఫ్రెష్ రేటు 60 పెడితే తేడా 10, తెర సెకనుకి 10 సార్లు ఊగుతుంది. 75 పెడితే 25 సార్లు. రేటు మార్చినప్పుడు ఊగే వేగం మారిందంటే దొంగ బయటే ఉన్నాడని అర్థం.

ఇక కవచం. అందరికీ మొదట తట్టేది వంటింటి అల్యూమినియం ఫాయిల్. రేడియో తరంగాలకైతే సరే. 50 హెర్ట్జ్ దగ్గర రాగి స్కిన్ డెప్తే 9 మిల్లీమీటర్లు, అల్యూమినియానికి ఇంకా ఎక్కువ. పల్చటి ఫాయిల్ ఏం ఆపుతుంది?

అసలు అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేం, దారి మళ్ళించగలం. వరదకి గోడ కట్టే బదులు పక్కనుంచి కాలువ తవ్వినట్టు. ఆ కాలువే మ్యూ-మెటల్: ఐదింట నాలుగు వంతులు నికెల్, మిగతాది ఎక్కువగా ఇనుము. 1923లో సముద్రగర్భ టెలిగ్రాఫ్ కేబుళ్ళ కోసం పేటెంట్ తీసుకున్న లోహమిది. పాత సీఆర్‌ఓల్లో ట్యూబ్ చుట్టూ ఉండే రేకు తొడుగు సాధారణంగా ఇదే. ఖరీదెక్కువ, సుకుమారం కూడా. వంచినా, సుత్తితో కొట్టినా గుణం పోతుంది, మళ్ళీ కొలిమిలో కాల్చి చల్లార్చాలి. పైగా ఎంత మూసినా తెర వైపు తెరిచి ఉంచాల్సిందే.

అందుకే చవకైన మందు దూరం. ట్రాన్స్‌ఫార్మర్ లాంటి వాటి క్షేత్రం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. జరిపే చోటు లేకపోతే మానిటర్‌ని తిప్పి చూడండి. ఫేజ్, న్యూట్రల్ వైర్లని విడివిడిగా కాక జంటగా లాగించండి, రెండింటి క్షేత్రాలూ చాలావరకు కొట్టేసుకుంటాయి. డబ్బా మాత్రం విప్పొద్దు, స్విచ్ ఆపాక కూడా ట్యూబ్‌లో చార్జి కాచుకుని ఉంటుంది.

మా మానిటర్ నంబరు లిస్టులోంచి కొట్టేశారు. వేటినైనా స్క్రాప్‌లో రాసే ముందు ఓసారి గోడ అవతలికి వెళ్ళి చూడండి.