గోదాలో జాతుల వేషములు

కుస్తీ యనగానే మనకు ఎర్రమట్టి గోదాయు, లంగోటా బిగించిన వస్తాదులును, చుట్టును మూగిన జనమును కన్నులకు గట్టును. అందు గెలుపోటములు బలము చేతను, పట్టులలోని నేర్పు చేతను తేలును. అయితే పాశ్చాత్య దేశములలో ఈ పేరుతోనే మరియొక వినోదము వర్ధిల్లినది. అందు మల్లులు కూలి పుచ్చుకొని ఊరూర తిరిగి పోరాడుదురు. ఎవరు గెలువవలెనో ముందుగానే నిర్ణయమై యుండును. ఈ సంగతి తెలిసినప్పుడు ఇది వట్టి మోసమని కొందరికి తోచవచ్చును. కాని కీచకవధ నాటకమునకు పోవు ప్రేక్షకుడు కీచకుడు చచ్చునో బ్రతుకునో తెలియక పోవునా? చచ్చునని తెలిసియే పోవును. ఆ దుర్మార్గుడు ఎంత పొగరుగా ప్రవర్తించునో, భీముని చేతులలో ఎట్లు నలుగునో కన్నులార చూచుటకే పోవును. వృత్తి మల్లయుద్ధమును అట్టిదే. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1957లో వెలువరించిన తన వ్యాససంపుటమున, ఇది క్రీడ కాదనియు, న్యాయాన్యాయములను కంటికి గనబరచు ప్రదర్శనమనియు వివరించినాడు.

ఇక ఇందులో కీచకుడెవరన్నది ప్రశ్న. రంగస్థలముపై నటునకు పద్యములున్నవి, సంభాషణలున్నవి. గోదాలోని మల్లునకు అవి లేవు. తాను మంచివాడో చెడ్డవాడో అతడు గోదాలో అడుగిడిన క్షణముననే జనమునకు తెలియవలెను. ఇందులకు మిక్కిలి సులభమైన ఉపాయము పరదేశి వేషము. తలపాగా, ఈకల కిరీటము, పులితోలు, విచిత్రమైన పేరు, వీనిలో ఏదో యొకటి చాలును. బ్రిటనులో ఈ వేషములు ఎట్లు పుట్టినవో, వానివలన బ్రిటిషు ప్రజలు తమ్ము తామెట్లు చూచుకొనిరో, ఆ బ్రిటిషువారే పరదేశమునకు పోయినప్పుడు ఏమి జరిగినదో పరిశీలింతము.

మొదట వేషములతో పనిలేని ఒక సంఘటన చెప్పవలెను. 1910లో మన దేశపు సుప్రసిద్ధ మల్లుడు గామా లండను నగరమునకు వెళ్ళెను. అచ్చటి పోటీల నిర్వాహకులు అతని పొట్టితనమును చూచి ప్రవేశము నిరాకరించిరి. గామా వెనుదిరుగక, ఎవరైనను తనతో తలపడవచ్చునని సవాలు విసరి, మొదట అమెరికను మల్లుడైన రోలరును ఓడించెను. సెప్టెంబరు 10వ తేదీన పోలెండు వీరుడు జిబిస్కోతో తలపడెను. జిబిస్కో నేల కరచుకొని పడియుండి రెండున్నర గంటలకు పైగా కాలము గడపెను. పోరు తేలలేదు. వారము తరువాత మరల రావలసియుండగా అతడు రానే లేదు. జాన్ బుల్ బెల్టు గామాకు దక్కెను. 1928లో పటియాలాలో వారిరువురును మరల కలిసికొన్నప్పుడు గామాకు ఒక నిమిషమైనను పట్టలేదు. భారతీయుడు ఎట్లుండవలెనో ఇతరులు ముందుగా ఊహించుకొనిరి. గామా తన పట్టులతోనే సమాధానము చెప్పెను.

తరువాతి కాలమున బ్రిటనులో కుస్తీ ప్రదర్శనముగా మారిపోయెను. 1930 తరువాతి దశాబ్దమున 'ఆల్-ఇన్' అను పేర సాగిన ఈ పోరాటములు మితిమీరి మోటుగా తయారగుటచే, ఆ దశాబ్దాంతమున లండన్ కౌంటీ కౌన్సిలు వానిని నిషేధించెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము దీనికొక మర్యాద కల్పింపదలచి కొందరు పెద్దలు నియమావళి నొకటి రచించిరి. ఆ సంఘమునకు పెద్ద అడ్మిరల్ లార్డ్ మౌంటెవాన్స్. ఇతడు కెప్టెన్ స్కాటుతో దక్షిణ ధ్రువ యాత్రకు వెళ్ళి వచ్చిన నావికాధికారి. బి.బి.సి. రేడియోలో 'బ్రెయిన్స్ ట్రస్టు' కార్యక్రమము ద్వారా శ్రోతలకు సుపరిచితుడైన కమాండర్ కాంబెల్ కూడ అందు సభ్యుడు. ఆటను రౌండ్లుగా విభజించుట, మల్లులను బరువునుబట్టి వర్గీకరించుట, తప్పు చేసినవానిని బహిరంగముగా హెచ్చరించుట, హెచ్చరికలు మించినచో ఆటనుండి తొలగించుట మున్నగు పద్ధతులు స్థిరపడినవి. 1952లో నిర్వాహకులు కొందరు 'జాయింట్ ప్రమోషన్స్' అను పేర ఏకమైరి. 1955 నవంబరు 9వ తేదీన ఐ.టి.వి. టెలివిజను తొలిసారి కుస్తీని ప్రసారము చేసెను. 1965 నుండి 1985 వరకు 'వరల్డ్ ఆఫ్ స్పోర్ట్' అను శనివారపు కార్యక్రమమున సాయంకాలము నాలుగు గంటలకు కుస్తీ చూచుట వేలకొలది కుటుంబములకు అలవాటయ్యెను. కెంట్ వాల్టన్ అను వ్యాఖ్యాత కంఠము ఇంటింటికి చుట్టమైపోయెను. ఊరి హాళ్ళలో ముందు వరుసను కూర్చున్న ముసలమ్మలు లేచి, దుష్టపాత్రధారిని చేతిసంచితో మోదుట కూడ పరిపాటియే.

అట్టి దుష్టపాత్రలలో అగ్రగణ్యుడు కెండో నాగసాకి. ముఖమునకు ముసుగు, చేత ఖడ్గము, నోట పలుకన్నది లేదు. జపాను యోధుడని జనము గుండెలు జలదరించెడివి. వాస్తవమునకు అతడు స్టాఫర్డ్‌షైర్ ప్రాంతపు ఇంగ్లీషువాడు. పేరు పీటర్ థార్న్‌లీ. 1964లో ఈ వేషము ధరించెను. 1977 డిసెంబరులో ఉల్వర్‌హాంప్టను సివిక్ హాలులో ఒక తంతు వలె తన ముసుగును తానే తొలగించుకొనెను. నాగసాకి నగరముపై అణుబాంబు పడినది 1945లో. జపాను వారికి బందీలై నరకయాతన లనుభవించిన బ్రిటిషు సైనికుల కుటుంబములు అప్పటికి ఇంటింట నుండెను. ఒక దేశమునకు దుఃఖస్మృతి యైన ఊరి పేరు మరియొక దేశమున భయపెట్టు వేషమునకు పనికివచ్చెను. ఆ భయమంతయు ప్రేక్షకుల జ్ఞాపకములనుండి పుట్టినది. ముసుగు దానికొక రూపము మాత్రమే కల్పించెను.

బిల్లీ టూ రివర్స్ సంగతి వేరు. ఇతడు నిజముగా మోహాక్ జాతివాడు. కెనడాలో మాంట్రియలు నగరమునకు చేరువనున్న కానవాగే ఇతని జన్మస్థానము. 1959 ప్రాంతమున బ్రిటనుకు వచ్చి కొన్ని సంవత్సరములు గొప్ప ప్రజాదరణ పొందెను. తలపై పెద్ద ఈకల కిరీటముతో వచ్చి, కోపము వచ్చినప్పుడు యుద్ధనృత్యము చేసి, అటుపిమ్మట శత్రువును కూలద్రోయుట ఇతని పద్ధతి. ఆ మహాకిరీటము మైదాన ప్రాంతపు జాతులది. మోహాకుల సంప్రదాయపు తలపాగా వేరు. అయినను సినిమాలలో చూచిన ఆదివాసినే జనము కోరిరి. అతడు వారడిగినది వారికిచ్చెను. స్వదేశమునకు తిరిగి పోయిన పిమ్మట తన ప్రజలచే ఎన్నుకొనబడి ఇరువది సంవత్సరములు వారి పాలకమండలిలో సేవచేసి, 2023లో కన్నుమూసెను. నాటి ప్రేక్షకులలో ఎందరికి ఈ రెండవ జీవితము తెలియును?

జానీ క్వాంగో లండను వాసి. నల్లజాతివాడు. గోదాకు రాకపూర్వము నృత్యనాటక బృందమున నర్తకుడు. గోదాలో మాత్రము అతనికి ప్రసిద్ధి తలతో కుమ్ముటచే వచ్చినది. నల్లవారి తల రాయి వంటిదన్న మూఢభావము ఆ దినములలో కలదు. పలువురు నల్లజాతి మల్లులకు ఈ పట్టునే అంటగట్టిరి. ప్రేక్షకులు క్వాంగోను ద్వేషింపలేదు, ప్రేమతో చప్పట్లు కొట్టిరి. అయితే ఆ చప్పట్ల వెనుక నున్న కాలమును గూడ గమనింపవలెను. వెస్టిండీసునుండి వలసవచ్చినవారు 1948 నుండి బ్రిటనులో స్థిరపడుచుండిరి. 1958లో లండనులోని నాటింగ్ హిల్ ప్రాంతమున వారిపై దౌర్జన్యములు జరిగినవి. 1962లో వలసలను అరికట్టు చట్టము వచ్చినది. నల్లవాని ముఖమును టెలివిజనులో తప్ప ఎన్నడును చూడని ఇండ్లలో పిల్లలు శనివారపు సాయంకాలమున నేర్చుకొన్న పాఠమేది? సోమవారమున బడిలో పక్కన కూర్చున్న నల్లపిల్లవాని తల గట్టిదేమో యని తట్టి చూచుటయే కావచ్చును. ప్రేమతో వేసిన ముద్రయైనను ముద్రయే.

ఇక మంచివాడుగా నిలిచిన బ్రిటిషువాడు ఎట్టివాడు? నియమము తప్పడు, పడినవానిని కొట్టడు, ఓడినను చేయి కలుపును. మౌంటెవాన్స్ నియమావళి సగము ఆటకు, సగము ఈ ఆత్మచిత్రమునకు వ్రాసినట్లుండును. ఈ చిత్రమునకు పరాకాష్ఠ బిగ్ డాడీ. యార్క్‌షైరులోని హాలిఫాక్సునకు చెందిన షర్లీ క్రాబ్‌ట్రీ అను భారీకాయుడితడు. తొలి దుస్తులను ఇతని భార్యయే సోఫా తొడుగు బట్టతో కుట్టినదట. తరువాత యూనియన్ జాక్ పతాకపు రంగులు ధరించి, 'ఈజీ, ఈజీ' యని పిల్లలు అరచుచుండగా వచ్చెడివాడు. 1981లో వెంబ్లీ అరీనాలో జైంట్ హేస్టాక్స్‌తో ఇతని పోరు దేశమంతట చర్చనీయమయ్యెను. ఆ హేస్టాక్స్ పరదేశి కాడు. ఐరిషు తలిదండ్రులకు లండనులో పుట్టి, సాల్ఫర్డులో పెరిగినవాడు.

జెండా ఒక్కటియైనను దాని క్రింద ఉన్న జనము ఒక్క తీరువారు కారు. వేల్సు దేశపు బొగ్గుగని కార్మికుని కుమారుడు ఆడ్రియన్ స్ట్రీట్ తళతళలాడు దుస్తులు, ముఖమున రంగులు వేసికొని, మొరటు మగతనమును ఆదర్శముగా నెంచువారిని వెక్కిరించెను. వెల్షు మల్లుడు ఒరిగ్ విలియమ్స్ 'రెస్లో' అను కార్యక్రమమును వెల్షు భాషా టెలివిజనులో నడిపి, కుస్తీచేత తన మాతృభాషను పలికించెను.

ఇప్పుడు అద్దమును అటువైపు త్రిప్పుదము. బ్రిటిషు మల్లుడు అమెరికాకు పోయినప్పుడు అచ్చట అతడే పరదేశి. అమెరికను ప్రేక్షకునకు బ్రిటిషువాడనగా గర్విష్ఠియైన ప్రభువు. అందుచే స్వదేశమున 'జూడో' ఆల్ హేస్ అనిపించుకొన్న మల్లుడు అచ్చట లార్డ్ ఆల్ఫ్రెడ్ హేస్ ఆయెను. బ్లాక్‌పూలు సంతలో కుస్తీ మొదలిడిన డారెన్ మాథ్యూస్ 1993లో లార్డ్ స్టీవెన్ రీగల్ ఆయెను. ముక్కు పైకెత్తి నడచుట, సామాన్యులను చూచి చీదరించుకొనుట ఇతని పాత్ర. శ్రమజీవుల బిడ్డలకు ప్రభు బిరుదములు గోదాలోనే లభించినవి!

ఈ ప్రభువులలో జేమ్స్ బ్లియర్స్ కథ మరువరానిది. లాంకషైరులోని టిల్డ్‌స్లీలో పుట్టిన ఇతడు యుద్ధకాలమున ఓడలపై రేడియో ఆపరేటరు. 1944 మార్చి 26వ తేదీన ఇతడు పనిచేయుచున్న 'చిసలాక్' అను డచ్చి నౌకను జపాను జలాంతర్గామి యొకటి హిందూ మహాసముద్రమున ముంచివేసెను. బ్రతికినవారిని పట్టి జలాంతర్గామిపైకెక్కించి ఊచకోత కోసిరి. బ్లియర్స్ సముద్రములోనికి దుమికి ఈది తప్పించుకొనెను. ప్రాణములతో బయటపడినవారు ఐదుగురే. వారిలో భారతీయ నావికుడొకడు. యుద్ధము ముగిసిన పిమ్మట బ్లియర్స్ అమెరికాలో ఒంటికంటి అద్దము ధరించి 'లార్డ్ బ్లియర్స్' అయ్యెను. జపాను జాతిపై పగ పెంచుకొనుటకు ఎవరికైనను కారణమున్నచో అది ఇతనికే కలదు. కాని హవాయిలో స్థిరపడిన ఇతడు జపాను మల్లులతో కలిసి పనిచేసెను. జైంట్ బాబా 1972లో స్థాపించిన జపాను కుస్తీ సంస్థకు అనుబంధమైన పసిఫిక్ రెజ్లింగు సమాఖ్యకు అనేక సంవత్సరములు అధ్యక్షుడుగా ఉండి, జపాను ప్రజల గౌరవము నందుకొనెను. ఇంగ్లండులో జపాను ముసుగును చూచి జనము వణకుచున్న కాలముననే, జపాను చేతిలో చావు తప్పిన ఇంగ్లీషువాడు జపాను గోదాలో నిలబడి విజేతలకు బహుమతులిచ్చుచుండెను.

1988 డిసెంబరులో ఐ.టి.వి. కుస్తీ ప్రసారములను నిలిపివేసెను. 1992 ఆగస్టు 29వ తేదీన వెంబ్లీ స్టేడియము క్రిక్కిరిసినది. విగన్ సమీపమున గోల్‌బర్ను గ్రామమున పుట్టిన డేవీ బాయ్ స్మిత్, 'బ్రిటిష్ బుల్‌డాగ్' అను పేర, తన బావమరిదియైన కెనడా మల్లుడు బ్రెట్ హార్టును ఓడించెను. జనము జెండాలూపి ఆనందాశ్రువులు రాల్చిరి. అయితే ఆ ప్రదర్శనము నడిపినది అమెరికను సంస్థ. తమ జాతీయతను అమెరికా పేటికలో కట్టించుకొని మరల తెచ్చుకొన్నట్లయ్యెను.

వేషము లేక గౌరవము సంపాదించిన వారును కలరు. విగన్ పట్టణమున బిల్లీ రైలీ నడపిన వ్యాయామశాలలో లాంకషైరు పట్టులు అభ్యసించిన బిల్లీ రాబిన్సన్ 1968లో జపానుకు వెళ్ళెను. పరదేశియైనను అచ్చటి ప్రేక్షకులు అతని పనితనమును చూచి వీరునిగా భావించిరి. తరువాతి కాలమున అతడచ్చటి యువకులకు గురువయ్యెను.

మన ప్రహసనములలోను పొరుగువాని యాసకు, పొరుగుజాతి వస్త్రధారణకు నవ్వుట కలదు. నవ్వుటలో పాపము లేదు. కాని తెర వాలిన పిమ్మట ఆ వేషమును పొరుగువాని ముఖముపై అట్లే నిలిపియుంచుట మాత్రము అన్యాయము. నాగసాకి ముసుగు క్రింద స్టాఫర్డ్‌షైరు మనిషి యుండెను. ఈకల క్రింద ప్రజానాయకు డుండెను. ప్రభువు అద్దము వెనుక, నడిసముద్రమున మృత్యువును చూచిన రేడియో ఆపరేటరు ఉండెను. పరదేశి ఎట్లుండునో మనకు ముందే తెలియునని తోచినప్పుడెల్ల, ఆ తెలివి మనకు ఏ గోదా గట్టున దొరకినదో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందుము గాక.