తేనె ఎడమకు, బెల్లం కుడికి

మా ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉంది. మాది మిర్చి పండించే ఇల్లు. పోయిన వేసవిలో మా చేను మీదుగా వచ్చే కోయ తాతతో కలిసి నేనూ పట్నం పోయాను. ఆయన తేనె చూసి దుకాణదారు "ఇది తేనె కాదు, బెల్లం పాకం" అని సగం ధరే చేతిలో పెట్టాడు. "కొండ తేనె బిడ్డా" అని తాత నాతో మాత్రం అన్నాడు. సీసా అడుగున మిగిలింది నేను కాలేజీకి తెచ్చాను.

మామూలు కాంతి అన్ని తలాల్లోనూ కంపిస్తుంది. నికాల్ పట్టకం గుండా పంపితే ఒకే తలంలో కంపించేది మిగులుతుంది. ఇదే సమతల ధ్రువిత కాంతి. కొన్ని ద్రవాలు ఈ తలాన్ని తిప్పుతాయని 1815లో బయో కనిపెట్టాడు. 1848లో పాశ్చర్ ఒక టార్టారిక్ ఆమ్ల లవణపు స్ఫటికాలను కుడి, ఎడమ రకాలుగా ఏరి, కారణం అణువుల ఆకారంలోనే ఉందని చూపాడు. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు గదా! అట్లాగే తమ ప్రతిబింబంతో సరిపోలని అణువులను కైరల్ అణువులంటారు.

బెల్లంలో ఎక్కువగా ఉండే సుక్రోజ్ విశిష్ట భ్రమణం కుడికి 66.5 డిగ్రీలు. తేనెలో గ్లూకోజ్ కుడికి 52.7 తిప్పితే, ఫ్రక్టోజ్ ఎడమకు 92 తిప్పుతుంది. అందుకే పూల తేనె సాధారణంగా ఎడమకే మొగ్గుతుంది.

తేనెను నీళ్లలో కలిపి, వడకట్టి, రాత్రంతా ఉంచి, సోడియం దీపం ముందు పోలారిమీటర్‌లో చూశాను. బెల్లం నీళ్లు కుడికి పోయాయి. తాత తేనె ఎడమకు పోయింది! అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆమ్లంతో విడగొట్టిన చక్కెర పాకం కూడా ఎడమకే తిప్పుతుంది. కాబట్టి కల్తీలన్నీ దీంతో బయటపడవు. బెల్లం పాకమన్న నింద మాత్రం నిలవదు.

కాంతి తిరగడమే కాదు, అణువులను తాకి చెదరడమూ వాటి ఆకారాన్ని చెబుతుంది. మన తెలుగువాడు సూరి భగవంతం గారు 1931లో రామన్‌తో కలిసి, చెదిరిన కాంతి ధ్రువణాన్ని పరిశీలించి ఫోటాన్‌కు స్పిన్ ఉందని వాదించారు. తర్వాత బారన్, బకింగ్‌హామ్ 1971లో సిద్ధాంతం చెప్పి, 1973లో బోగార్డ్‌తో కలిసి ప్రయోగంలో చూపారు: కుడి, ఎడమ వృత్త ధ్రువిత కాంతులను కైరల్ అణువులు సమానంగా చెదరగొట్టవు. తేడా సుమారు వెయ్యిలో ఒక వంతు, తరచు ఇంకా తక్కువ. ఆ కొంచెంతోనే నీళ్లలో ఉన్న ప్రోటీన్ల మడతలను, వైరస్‌ల నిర్మాణాన్ని చదువుతున్నారు.

ఫలితం చెప్పేసరికి తాత నవ్వి, "నాకు ముందే ఎరుక బిడ్డా, ఆ సేటుకు చెప్పు" అన్నాడు. నిజమే. మన ప్రయోగశాల బీరువాలో ఉన్న ఆ గొట్టం వేసవిలో ఒక్కరోజు సంతకు పోతే ఎంత బాగుండును!