విత్తనమునుండి రేవలచిన్ని

రేవలచిన్ని యను ఎండు వేరు విరేచనౌషధముగా మన పెద్దలకు చిరపరిచితము. ఆ జాతి మొక్కనే ఇంగ్లండువారు రూబార్బని పిలిచి పెరటిలో పెంచి, పుల్లని కాడలను పంచదారతో నుడికించి భుజింతురు. వేరుగడ్డను కొనక విత్తనముతోనే దానిని పెంపవచ్చునా? పెంపవచ్చును, కాని ఓర్పు కావలెను.

ఈ విత్తనమునకు రాజకీయ చరిత్రయు కలదు. పదునెనిమిదవ శతాబ్దమున, చీనానుండి క్యాఖ్తా మార్గమున వచ్చు వేరుపై రష్యా ప్రభుత్వము గుత్తాధిపత్యము వహించి యూరపున కమ్ముచుండెను. రష్యా యాస్థాన వైద్యుడుగా నుండిన జేమ్స్ మౌన్సీ యను స్కాట్లండువాడు 1762 ప్రాంతమున విత్తనములను స్వదేశమునకు గొనిపోయెను. ఎడింబరోలో జాన్ హోప్ పండితుడు వానిని మొలిపించెను. పరుల గుత్తను తప్పించుకొన జూచిన ఆ యుత్సాహమును మేము మెచ్చుకొనకుండలేము. అయినను వైద్యులు చీనా వేరునే కోరిరి. తుదకు మందుకంటె కాడయే ఆ దేశమున నిలిచినది. పంచదార చౌకయైన పిదప అది సామాన్యుని భోజనములో చేరెను.

మూడంచుల ఱెక్కలుగల విత్తనములను కొన్ని గంటలు నీట నానబెట్టి, వసంతారంభమున కుండీలలో అంగుళము లోతునకు మించకుండ నాటవలెను. రెండు మూడు వారములలో మొలక వచ్చును. మొక్క బలిసిన పిమ్మట, లోతుగా త్రవ్వి మాగిన పశువుల ఎరువు వేసిన నేలలో మూడేసి యడుగుల యెడముగా నాటవలెను. మొదటి యేడు ఒక్క కాడనైన తీయరాదు. రెండవ యేడు నాలుగైదు చాలును. మూడవ యేటనే పూర్తి ఫలము. పూకాడ కనబడిన వెంటనే త్రుంచివేయవలెను.

తల్లి గుణము పిల్లకు తప్పక వచ్చునను నమ్మకము మాత్రము లేదు. ఒకే చెట్టు విత్తులలో కొన్ని ఎఱ్ఱకాడలు, కొన్ని పచ్చనివి, కొన్ని పుల్లవలె సన్ననివి కాగలవు. కావున అవసరమునకు మించి మొలిపించి, మేలైనవానిని నిలుపుకొని తక్కినవి పీకివేయుట మంచిది. చలికాలపు శీతలము సోకనిదే గడ్డ మరల చక్కగా చిగిర్పదు. అందుచే మన కోస్తా నేలలలో ఇది ఏండ్లకొలది నిలుచు పంట కాజాలదు.

శీతదేశములలో కాపురమున్న ఆంధ్రులకు ముఖ్యముగా చెప్పవలసినదొకటి. ఈ మొక్క మన చుక్కకూరకు కుటుంబబంధువు. ఆ బంధుత్వమును నమ్మి ఆకును వండిరా, ప్రాణాపాయము! ఆకులో ఆక్జాలిక్ ఆమ్లము మిక్కుటము. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, ఆహారలోపముచే ఈ యాకును కూరగా తినుడని బ్రిటనులో బోధించిరి; తిని మరణించినవారు కలరు. అధికారముతో చెప్పిన సలహాయైనను ఒకసారి తరచిచూడవలెను గదా! కాడలోను ఆ యామ్లము కొంత ఉన్నది గనుక మూత్రపిండములలో రాళ్లుగలవారు మితముగా తినవలెను.

ఆకును పూర్తిగా కోసివేసి, కాడను ముక్కలుగా తరిగి కందిపప్పుతో నుడికించి, ఎండుమిరప, ఆవాలు, ఇంగువలతో పోపు పెట్టినచో చుక్కకూరపప్పే జ్ఞప్తికి వచ్చును. చింతపండు అక్కఱలేదు.