పత్తి కట్టె కాల్చొద్దు.. నర్సరీ మట్టిగా మార్చొచ్చు

పత్తి ఏరడం ముగియగానే చేలల్లో మంటలు లేస్తాయి. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఏటా కనిపించే దృశ్యమిది. కట్టెకు మిగిలిన కాయల్లో గులాబీరంగు పురుగు దాగి వచ్చే పంటను ఆశిస్తుందన్నది రైతుల భయం. అది నిజమే. కానీ మంటలో పురుగుతోపాటు నేలకు చేరాల్సిన సేంద్రియ పదార్థమూ బూడిదవుతోంది. మరోవైపు పల్లెల్లో పశువులు తగ్గి, నారు పెంచేవారికి పెంట దొరకడం కష్టమవుతోంది.

తక్కువ పేడతో ఎక్కువ ఎరువు

ఇందుకు పొరుగునే ఒక మార్గముంది. పెన్‌గంగకు ఆవల యవత్‌మాల్ జిల్లా పుసద్‌కు చెందిన నారాయణ్ దేవ్‌తావ్ పాండరిపాండే రూపొందించిన ‘నాడెప్’ పద్ధతి అది. ఆయన పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తుతో ఇటుక తొట్టి కట్టి, గాలి ఆడేందుకు గోడల్లో సందులు వదలాలి. పంట వ్యర్థాలు సుమారు 1,400 కిలోలు, పేడ 100 కిలోలు, జల్లించిన మట్టి 1,750 కిలోలు అవసరం.

అడుగున 6 అంగుళాల మేర వ్యర్థాలు పరచి, 4 కిలోల పేడ కలిపిన నీటిని చల్లాలి. ఆపై 50-60 కిలోల మట్టి వేసి తడపాలి. ఇదే వరుసలో తొట్టి అంచుపై అడుగున్నర ఎత్తు వరకు పేర్చి, మట్టి, పేడతో అలకాలి. పక్షం రోజుల తర్వాత కుంగితే మళ్లీ నింపి అలకాలి. పగుళ్లు పూడుస్తూ, తడి ఆరకుండా చూస్తే 90-120 రోజుల్లో సుమారు 3 టన్నుల ఎరువు సిద్ధమవుతుంది.

కట్టె నలగాలి

పత్తి కట్టె గట్టిది, నలగనిదే మాగదు. 1924-31 మధ్య ఇందౌర్‌లో పరిశోధనలు చేసిన ఆల్బర్ట్ హోవార్డ్ దీన్ని బండ్ల బాటపై పరచి, చక్రాల కింద నలిగాకే కంపోస్టుకు వాడారు. నేడు ఆ పని ట్రాక్టరు, ముక్కలు చేసే యంత్రాలు చేస్తాయి. ముందుగా చేలో గొర్రెలు, మేకలను మేపితే మిగిలిన కాయలు, వాటితోపాటు పురుగులూ పోతాయి. కట్టెను కుప్పలుగా నిల్వ ఉంచరాదు. కలుపు మందు పిచికారీ చేసిన వ్యర్థాలను నారు మట్టికి వాడకపోవడమే మేలు.

మాగిందో లేదో చూడాలి

నల్లరేగడి ఒక్కటే సంచుల్లో నింపితే తడికి బిగుసుకుంటుంది, ఎండకు పగులుతుంది. ఎర్రమట్టి, ఇసుక, కంపోస్టు సమపాళ్లలో కలపాలి. మాగిన ఎరువు నల్లగా, చల్లగా ఉండి తొలకరి మట్టి వాసన వేస్తుంది. మాగనిది నత్రజనిని లాగేసుకోవడంతో మొక్కలు పసుపుబారతాయి. గుప్పెడు విత్తనాలు వేసి మొలక చూశాకే సంచులు నింపాలి. ఫిబ్రవరిలో నింపిన తొట్టి జూన్ నాటికి, తొలకరి నారుకు అక్కరకొస్తుంది.