3 సెకన్లు, 1 గంట, 50 గంటలు

"కింది సంఖ్యలు వేరుగా ఉన్న భిన్నాల్ని కూడాలంటే ముందు ఏం చెయ్యాలిరా?" అని టీచరు ఒక పిల్లవాణ్ని అడిగారు. ఆ పిల్లవాడు లేచి నిలబడి నోరు తెరిచేలోపే, "సరే, నువ్వు చెప్పమ్మా" అని ముందు బెంచీకి తిరిగారు. "క.సా.గు. తియ్యాలి టీచర్" అంది ఆ అమ్మాయి. పాఠం ముందుకు సాగిపోయింది. మొదట లేచిన పిల్లవాడికి ఆలోచించడానికి దొరికింది ఒక్క సెకను.

ఈ ఒక్క సెకనును నిజంగానే కొలిచిన మనిషి మేరీ బడ్ రో. అమెరికాకు చెందిన ఈ సైన్స్ విద్యావేత్త తరగతి పాఠాలను టేపుల్లో రికార్డు చేయించి, ప్రశ్నకూ టీచరు మళ్లీ మాట్లాడడానికీ మధ్య ఎంత నిశ్శబ్దం ఉందో లెక్కగట్టారు. సగటున సుమారు 1 సెకను అని తేలింది. ఆ వ్యవధిని 3 సెకన్లకు పెంచినప్పుడు ఏమైందో 1974లో ప్రచురించారు, 1986లో మరింత వివరంగా రాశారు. పిల్లల జవాబుల నిడివి 300 నుంచి 700 శాతం పెరిగింది. జవాబు చెప్పకుండా నిలబడిపోయేవాళ్లు తగ్గారు. పిల్లలు తమంతట తామే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు.

రో గమనించిన మరో సంగతి నన్ను బాధపెడుతుంది. చదువులో వెనకబడ్డారని టీచర్లు అనుకున్న పిల్లలకు దొరికిన సమయం, చురుకైనవాళ్లకు దొరికినదానికంటే ఇంకా తక్కువ. ఎక్కువ సేపు కావలసినవాళ్లకే తక్కువ సేపు ఇస్తున్నామన్నమాట. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. జవాబు రాక పిల్లవాడు అవమానపడకూడదనే జాలే చాలాసార్లు మనల్ని తొందరపెడుతుంది.

ఆగవలసిన చోట్లు రెండు: ప్రశ్న అడిగాక ఒకసారి, పిల్లవాడు జవాబు చెప్పాక మరోసారి. రెండోది మనం దాదాపు మరిచేపోయాం. పిల్లవాడు ఒక ముక్క చెప్పగానే "వెరీ గుడ్" అనేస్తాం. ఆ "వెరీ గుడ్"తో అతని నోట్లోని రెండో వాక్యం ఆగిపోతుంది.

"ఇలా ఆగుతూ పోతే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది?" అని స్టాఫ్ రూముల్లో అడుగుతారు. లెక్క వేద్దాం. 40 నిమిషాల పీరియడ్‌లో 20 ప్రశ్నలు అడిగారనుకుందాం. ప్రతి ప్రశ్న దగ్గర రెండుసార్లు, అదనంగా 2 సెకన్ల చొప్పున ఆగితే మొత్తం 80 సెకన్లు. హాజరు పిలవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఇంత తేలికైన సంగతి ప్రతి తరగతిలోనూ ఎందుకు కనబడదు? శిక్షణలో విన్న మాట తరగతి గది గుమ్మం దాటడం అంత తేలిక కాదు కాబట్టి. మన దేశంలో దీన్ని లెక్కలతో సహా చూపించిన అనుభవాలున్నాయి.

పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ 2024 సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో 5వ తరగతి పిల్లల్లో 2వ తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 48.8 శాతం. అంటే 30 మంది ఉన్న తరగతిలో సగం మందికి చేతిలోని పుస్తకం అందదు. పిల్లల్ని తరగతిని బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పే పద్ధతిని ప్రథమ్ సంస్థ రూపొందించింది దీనికే. 2008 వేసవిలో బీహార్‌లో ప్రభుత్వ టీచర్లే ఆ పద్ధతిలో నెల రోజుల శిబిరాలు నడిపారు. పిల్లల చదువు మెరుగుపడింది. బడులు తెరిచాక టీచర్లకు అదే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు, సామగ్రీ ఇచ్చారు. ఈసారి చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ప్రభుత్వ టీచర్లకు ఈ పని చేతనవునని వేసవిలోనే రుజువైంది. బడి తెరిచాక సిలబస్ ముందుకొచ్చింది, టైంటేబుల్లో ఆ పద్ధతికి చోటు దొరకలేదు.

హర్యానాలో 2012–13లో ఆ చోటు కల్పించారు. రోజూ 1 గంట కేటాయించి, ఆ గంటలో 3, 4, 5 తరగతుల పిల్లల్ని కలిపి, స్థాయిని బట్టి విడదీసి హిందీ నేర్పారు. టీచర్లకు తోడుగా ఉండవలసిన రిసోర్స్ పర్సన్లు ముందుగా తామే 15–20 రోజులు పిల్లలకు పాఠం చెప్పి చూశారు. ఆ తర్వాతే బడులకు వెళ్లి టీచర్ల పక్కన నిలబడ్డారు. హిందీలో పిల్లల మార్కులు 0.15 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. మామూలు మాటల్లో చెప్పాలంటే, 100 మందిలో సరిగ్గా మధ్యనున్న పిల్లవాడు సుమారు 6 మెట్లు పైకి ఎక్కినట్టు. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ మామూలు బడిలో, మామూలు టీచర్లతో సాధించిన అంకె అది. పాఠం చెప్పి చూపించలేని రిసోర్స్ పర్సన్ చేత శిక్షణ ఇప్పించడం వృథా అని నా గట్టి అభిప్రాయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఇలాంటి పాఠమే నేర్పింది. 2005–06లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన అధ్యయనంలో 100 ప్రభుత్వ బడుల టీచర్లకు, తమ పిల్లలు ఏ అంశంలో వెనకబడ్డారో వివరించే రాతపూర్వక నివేదికలు అందాయి. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ టీచర్లు చురుగ్గా కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం మిగతా బడులతో తేడా లేదు. అలాంటి నివేదికలకే పిల్లల ప్రగతిని బట్టి బోనస్ జోడించిన బడుల్లో రెండేళ్లకు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర మెరుగుదల వచ్చింది. బోనస్ ఒక్కటే దారి అని దీన్నిబట్టి నేననను. ఆ బడుల టీచర్లు తామేం చేశామని చెప్పారో చూడండి: అదనపు తరగతులు, అభ్యాస పరీక్షలు, వెనకబడిన పిల్లలపై ప్రత్యేక శ్రద్ధ. కాగితం మీది సమాచారం అక్కడ పనిగా మారింది.

ఇక 50 గంటలు. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యాల శిక్షణ పొందాలని జాతీయ విద్యావిధానం 2020 చెబుతోంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 1–5 తరగతులకు ఏడాదికి 800 బోధన గంటలు, 6–8 తరగతులకు 1,000 గంటలు ఉండాలి. టీచరు వారానికి పనిచేయాల్సిన 45 గంటల్లో పాఠం తయారీ సమయమూ కలిసే ఉంది. ఆ తయారీ సమయాన్ని ఇవాళ ఫొటోల అప్‌లోడ్లు, యాప్‌లలో వివరాల నమోదు తినేస్తున్నాయని చెప్పని టీచరు నాకు కనబడలేదు.

50 గంటల్నీ హాల్లో కూర్చోబెట్టి, వీడియోలు నొక్కించి పూర్తి చేస్తే సర్టిఫికెట్లు పోగవుతాయి. మరో లెక్క కూడా ఉంది. వారానికి 45 నిమిషాలు, 40 వారాలు అయితే 30 గంటలు. ఆ 45 నిమిషాల్లో ఒక టీచరు పాఠం చెబితే తోటి టీచరు వెనక బెంచీలో కూర్చుని, ఎన్ని ప్రశ్నలు అడిగారో, ఎన్ని సెకన్లు ఆగారో, వెనక వరుసలో ఎందరు నోరు విప్పారో రాసుకోవచ్చు. తర్వాతి వారం తారుమారు కావచ్చు. మిగిలిన 20 గంటలు కాంప్లెక్స్ మీటింగులకూ శిక్షణలకూ సరిపోతాయి. ఇద్దరే టీచర్లున్న చిన్న బడిలో ఇది కష్టం. అక్కడ ఫోన్‌లో మీ పాఠాన్నే రికార్డు చేసుకుని సాయంత్రం వినండి. రో కూడా టేపులతోనే మొదలుపెట్టారు.

హెడ్మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఈసారి టైంటేబుల్ వేసేటప్పుడు ఆ 45 నిమిషాలను పేరు పెట్టి, పెన్నుతో రాయండి. టీచర్లూ, మీరు రేపటి మొదటి పీరియడ్‌లో ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లను ఒక ప్రశ్న అడగండి. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. ఆమె ఏం చెబుతుందో వినండి.