సముద్రంపై ఇంజనీరు: సంతకమూ ఒక అమానత్

మన ఇళ్లలో ఇంజనీరింగ్ చదివిన యువకుల్లో కొందరు నేడు 'ఆఫ్‌షోర్' ఉద్యోగాలలో ఉన్నారు. ముంబయి, కాకినాడ తీరాలు మొదలుకొని సౌదీ అరేబియా, ఎమిరేట్స్, ఖతర్ జలాల వరకు వారు పనిచేస్తున్నారు. పెళ్లి సంబంధం కుదుర్చుకునే వేళ ఈ మాట చెవిన పడగానే పెద్దలు మొదట జీతం గురించి, తరువాత సెలవుల గురించి అడుగుతారు. అబ్బాయి అక్కడ చేసే పని ఏమిటని అడిగేవారు అరుదు. మొదట అడగవలసిన ప్రశ్న అదేనని మేము భావిస్తున్నాము.

సముద్రగర్భంలోని చమురును, సహజవాయువును వెలికితీయడానికి నీటి నడుమ ఉక్కు కట్టడాలు నిలపడం, అడుగున పైపులైన్లు పరచడం ఈ సంస్థల పని. మన దేశంలో ఇందుకు పెద్ద ఉదాహరణ 1974లో చమురు కనుగొన్న ముంబయి హై. అది తీరానికి దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది. తెలుగువారి తీరంలో కృష్ణా-గోదావరి బేసిన్ ఉంది. అక్కడి డి-6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో వాయు ఉత్పత్తి మొదలైంది. లోతు ఎక్కువ కావడం వల్ల బావుల ముఖద్వారాలను సముద్రపు అడుగునే అమర్చారు. ఆ వాయువు పైపుల గుండా కాకినాడ సమీపంలోని గాడిమొగ తీరానికి చేరుతుంది.

లోతు తక్కువ ఉన్నచోట కట్టే వేదికకు కాళ్లుగా నిలిచే ఉక్కు చట్రాన్ని 'జాకెట్' అంటారు. దానిని ఒడ్డున యార్డులో తయారుచేసి, బార్జిపై కదలకుండా బిగించి, టగ్ బోట్లతో లాక్కుని వెళతారు. నిర్ణీత స్థలంలో నీటిలోకి దించి నిలబెట్టి, పొడవైన ఉక్కు గొట్టాలను భారీ సుత్తితో సముద్రపు అడుగులోకి దిగగొట్టి స్థిరపరుస్తారు. ఆ తరువాత యంత్రాలున్న పైభాగాన్ని క్రేన్‌తో ఎత్తి దానిపై కూర్చోబెడతారు. పైపులైను పరిచే ఓడపై దాదాపు 12 మీటర్ల పొడవున్న పైపులను ఒకదానికొకటి వెల్డింగ్ చేస్తూ, ప్రతి అతుకును పరీక్షిస్తూ నీటిలోకి వదులుతారు. క్రేన్ ఎత్తగల బరువు, బిగింపుల బలం, అలల ఎత్తు, అతుకుల నాణ్యత ఇవన్నీ లెక్కగట్టి, చూసి, సంతకం చేసేవారు ఇంజనీర్లు.

నేలమీది భవనంలో పగులు వస్తే మరునాడు ఎవరి కంటికైనా కనబడుతుంది. సముద్రపు అడుగున పడుకున్న అతుకును ఇంటి యజమాని చూడలేడు, బాటసారీ చూడలేడు. ఎవరూ చూడని చోట నమ్మకంగా చేసిన పనికి మన భాషలో ఒక పేరుంది: అమానత్.

ఒక్క అతుకు ఎంత భారం మోస్తుందో 1980 మార్చి 27న నార్వే సముద్రజలాల్లో తెలిసివచ్చింది. కార్మికుల వసతి కోసం వాడుతున్న అలెగ్జాండర్ కీలాండ్ అనే తేలే వేదిక తుపాను గాలిలో ఒక కాలు విరిగి తలకిందులైంది. అందులో ఉన్న 212 మందిలో 123 మంది మరణించారు. ధ్వనిని గ్రహించే ఒక చిన్న పరికరాన్ని అమర్చడానికి చేసిన 6 మిల్లీమీటర్ల వెల్డింగ్ దగ్గర పగులు మొదలైందని విచారణలో తేలింది. ఆ పగులు లోపల రంగు జాడలు కనిపించాయి. అంటే యార్డులో రంగు వేసేనాటికే అది అక్కడ ఉంది. చూడవలసినవారు చూడలేదు.

ఎనిమిదేళ్ల తరువాత, 1988 జూలై 6న, స్కాట్లండ్ తీరంలోని పైపర్ ఆల్ఫా వేదికపై 167 మంది బలయ్యారు. మరమ్మతు కోసం ఒక పంపు రక్షణ కవాటాన్ని తొలగించారు. ఆ సమాచారం రాత్రి షిఫ్టు వారికి అందలేదు. రెండవ పంపు ఆగిపోగా వారు మొదటిదాన్ని నడిపారు. వాయువు బయటికి వచ్చి అంటుకుంది. పని ముగించి వెళ్లేవాడు వచ్చేవాడికి చెప్పవలసిన మాట చేరకపోవడం నుండి అంత అనర్థం పుట్టింది.

మన దేశపు గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 2021 మే 17న తౌక్టే తుపానులో ముంబయి హై వద్ద పి-305 అనే వసతి బార్జి లంగర్లు తెగి కొట్టుకుపోయి, మునిగిపోయింది. నౌకాదళం ఎందరినో కాపాడినా 70 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తుపాను హెచ్చరికలు ముందే వెలువడ్డాయి. అయినా బార్జి రేవుకు చేరలేదు.

పశ్చిమ తీరంలో వర్షాకాలం రాకముందే పని ముగించాలన్న తొందర ఉంటుంది. పెద్ద ఓడల అద్దె రోజులెక్కన పెరుగుతుంది. సముద్రం శాంతించిన కొద్ది గంటల్లోనే బరువు ఎత్తాలి, దించాలి. అలాంటి వేళ "ఆపండి, ఇది సురక్షితం కాదు" అనడం తేలిక కాదు. ప్రమాదం చూసిన ఎవరైనా పని ఆపవచ్చన్న నియమం చాలా సంస్థలలో కాగితంపై ఉంది. దానికి ప్రాణం పోసేది మాత్రం మనిషి ధైర్యమే.

ఆ ధైర్యానికి పునాది ఇంట్లో పడుతుందని మా నమ్మకం. చెల్లెలి పెళ్లి ఖర్చు, ఇంటి అప్పు, తమ్ముడి ఫీజు అన్నీ ఒక్కడి భుజాలపై మోపి, "ఉద్యోగం పోతే మన గతేమిటి?" అని ప్రతి ఫోనులోనూ వినిపిస్తే, ఆ యువకుడు సముద్రం మధ్య నోరు విప్పగలడా? సంతకం పెట్టమని పైవాడు ఒత్తిడి చేసినప్పుడు అతని చెవిలో మోగేది అమ్మ మాటే. అదే అమ్మ "నీ ప్రాణం, నీ తోటివారి ప్రాణం ముందు, జీతం తరువాత" అని ఒక్కసారి చెప్పి ఉంటే, ఆ మాట అతనికి లైఫ్ జాకెట్‌తో సమానం.

ఇక అతని దినచర్య చూడండి. పన్నెండు గంటల షిఫ్టు, ఇరుకు గది, వారాల తరబడి ఇంటికి దూరం. ఓడ ముఖం గాలిని బట్టి తిరుగుతూ ఉంటుంది గనుక ఖిబ్లా దిశను సైతం ప్రతి నమాజుకూ చూసుకోవాలి. హెలికాప్టరు నీటిలో పడితే బయటపడటానికి ముందుగా నీటి తొట్టెలో శిక్షణ పొందాలి. సెలవుకు వచ్చినవాడు రెండు రోజులు నిద్రపోతే సోమరితనం అనుకోకండి. రాగానే బాకీల చిట్టా ముందు పెట్టకండి. భార్య ఒంటరిగా మోసిన నెలల బరువును కూడా గుర్తించండి.

సంబంధం చూసేవారికి, కొడుకును పంపేవారికి మేము చెప్పేది ఇదే. జీతంతోపాటు మరి మూడు విషయాలు అడగండి: భద్రతా శిక్షణ ఇచ్చారా, బీమా ఉందా, తుపాను వస్తే మనుషులను ఒడ్డుకు చేర్చే ఏర్పాటు ఏమిటి? ఇంటి ఖర్చును అతని జీతంలో కొంత భాగానికే పరిమితం చేసి, మిగిలినది దాచండి. రెండు మూడు నెలలు జీతం లేకపోయినా పొయ్యి వెలిగే ఇల్లు ఉన్నవాడే తప్పు కాగితంపై సంతకం పెట్టనని చెప్పగలడు. హలాల్ సంపాదన అంటే జీతం వచ్చే దారి ఒక్కటే కాదు, ఆ సంతకం నిజం కావడం కూడా. ఆ నిజాన్ని నిలబెట్టడంలో ఇంటివారికీ వాటా ఉంది.